తలుపుల్లేని బీరువా

మా హైస్కూల్లో సైన్సు సామానుకి ఏడాదికి ఒక్కసారే గాలి తగిలేది. దసరా సెలవులిచ్చే రోజున ఆయుధపూజ పేరుతో హెడ్‌మాస్టారు తన బనీను జేబులోంచి తాళంచెవి తీసి, ప్రయోగశాల అని బోర్డు ఉన్న గదిలో, గోడవారగా నిలబడ్డ చెక్క బీరువా తెరిచేవారు. మైక్రోస్కోపుకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళు. త్రాసుకి బంతిపూల దండ. గాజు సీసాలకి తలా ఒక బొట్టు. కొబ్బరికాయ కొట్టి హారతిచ్చాక పిల్లలంతా వరసలో వచ్చి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. తర్వాత సామాను తుడవకుండానే లోపల పెట్టి తాళం వేసేవారు. మళ్ళీ దసరాకే దర్శనం.

నాకు దేవుడి మీద కోపమేమీ లేదు. నా స్కూటీకి నేనూ దసరాకి పూజ చేస్తాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాను. కానీ పూజ చేసిన స్కూటీని గదిలో పెట్టి తాళం వెయ్యను గదా. మర్నాడు దాని మీదే బడికొస్తాను. బదిలీ మీద ఆ బడికి భౌతికశాస్త్రం టీచర్‌గా వచ్చిన తొలి ఏడే ఈ మాట స్టాఫ్‌రూములో అనేశాను. ఎవరూ నవ్వలేదు.

పూజ అయిన మధ్యాహ్నం ఇంకొక తతంగం ఉండేది. అదే నా ఒంటికి కారం రాసినట్టుండేది. రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్ళలో లెక్కలు, సైన్సు చదువు బాగుచెయ్యాలని పైవాళ్ళు కంకణం కట్టుకున్నారు. మంచిదే. వారానికొక ప్రయోగం పిల్లల చేత చేయించి, ఆ ఫోటో ఫోన్లో ఎక్కించమన్నారు. అదీ మంచిదే. మా బడిలో ఏం చేసేవాళ్ళంటే, ఎలాగూ బీరువా తెరిచారు కాబట్టి, ఏడాదికి సరిపడా ఫోటోలు ఆ ఒక్క పూటలోనే తీసేసేవాళ్ళు. నీళ్ళలో కుంకుమ కలిపితే రసాయనం. పసుపు కలిపితే ఇంకొక రసాయనం. ఒక పిల్ల సీసా పట్టుకుని నిలబడితే మిగతావాళ్ళు చుట్టూ వంగి చూడాలి. ఫోన్ పట్టుకున్న మేస్టారు, ఆశ్చర్యంగా చూడండర్రా, ఇంకొంచెం ఆశ్చర్యంగా, అని చెబుతుండేవాడు. పిల్లలు పాపం నోళ్ళు తెరిచేవాళ్ళు. ఆ ఫోటోలు వారానికొకటి చొప్పున పైకి వెళ్ళేవి. వాటికి మాకు మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి.

హెడ్‌మాస్టారు చెడ్డమనిషి కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి మరుగుదొడ్లలో నీళ్ళున్నాయో లేదో చూసే మనిషి. ఆయనా ఒకప్పుడు సైన్సు మేస్టారే. నేను రాకముందు టీచర్ లేకపోతే కింది తరగతులకి ఆయనే సైన్సు చెప్పారు. కానీ ఆయన స్నేహితుడొకాయన రిటైరైనప్పుడు, ఎవరి హయాంలోనో పోయిన ఇత్తడి త్రాసు లెక్క తేలలేదని పెన్షన్ కాగితాలు ఆపేశారు. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మంచాన పడ్డాడు. ఇదంతా మా హెడ్‌మాస్టారు దగ్గరుండి చూశారు. ఆ వచ్చే ఎండాకాలమే ఆయన రిటైర్మెంటు. బీరువాలో సూది పోయినా తన పెన్షన్ ఆగుతుందని ఆయన నమ్మకం. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆ భయానికి మా ఊరి పిల్లలు కట్టే జరిమానా కూడా అబద్ధం కాదు గదా.

ఆ చలికాలం మమ్మల్ని తాడేపల్లి వైపు ఒక పెద్ద హాల్లో శిక్షణకి పిలిచారు. రాష్ట్రం నలుమూలల నుంచీ లెక్కల టీచర్లు, సైన్సు టీచర్లు వచ్చారు. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. వేదిక మీద ఒక కుర్రాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, పిల్లవాడు చేత్తో తాకి నేర్చుకోవాలి, తప్పు చేసి నేర్చుకోవాలి అని చెప్పాడు. ఒక్క మాటలో కూడా తప్పు లేదు. నాకు కడుపు మండిపోయింది. లేచి నిలబడి, మీలో సామాను బీరువా తాళంచెవి ఎవరి సంచీలో ఉందో చేతులెత్తండి అని హాలంతా వినపడేట్టు అడిగాను. అంత జనంలో అక్కడొక చెయ్యి, ఇక్కడొక చెయ్యి లేచింది. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వేదిక మీదాయన నన్ను కూర్చోమని, అది పరిపాలనకి సంబంధించిన విషయం, ఈ రోజు కార్యక్రమంలో లేదన్నాడు.

తిరుగు బస్సులో చిలకలూరిపేట దాకా నాకు నిద్ర పట్టలేదు. హైవే మీద పత్తి లారీలు వరసగా జిన్నింగ్ మిల్లులకి పోతున్నాయి. రాష్ట్రాన్ని బాగుచెయ్యడం నా వల్ల కాదు, సరే. ఆ ఒక్క బీరువా తెరవడం కూడా నా వల్ల కాకపోతే నేను జీతమెందుకు తీసుకుంటున్నట్టు? తాడో పేడో తేల్చుకోవాలనుకుని ఊళ్ళో దిగాను.

మర్నాడు ప్రార్థన అవగానే హెడ్‌మాస్టారి గదికి వెళ్ళి తాళంచెవి అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా" అన్నారు.

"అడుసు తొక్కకుండా ఎవరన్నా నాట్లేశారా మేస్టారూ?" అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. సామాను పూచీ అంతా నాదేనని రాసివ్వమన్నారు. రాసిచ్చాను. తాళంచెవి నా చేతిలో పెడుతూ, రేపు ఏదన్నా అయితే నన్ను అనొద్దు అని మాత్రం అన్నారు. స్టాఫ్‌రూములో అప్పటికే, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అనే మాట నడుస్తోంది. ఉలిపికట్టెనే, ఏం, తప్పా?

ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లల్ని బీరువా దగ్గరికి తీసుకెళ్ళి, మీకు కావలసింది తీసుకోండర్రా అన్నాను. ఒక్కళ్ళూ కదల్లేదు. చివరికి ఒక పిల్లాడు గాజు గరాటు తీసి, ముందు కళ్ళకద్దుకున్నాడు. వాడి వెనక అందరూ అదే పని. ఏళ్ళ తరబడి దణ్ణాలు పెట్టిన సామాను మరి, వాళ్ళ తప్పేముంది. మైక్రోస్కోపులోంచి చూస్తే ఏమీ కనపడలేదు. ఏటేటా పెట్టిన కుంకుమ అద్దానికి పట్టి గట్టిపడిపోయింది. దాన్ని శుభ్రం చెయ్యడానికే ఒక పూట పట్టింది.

శుభ్రం చేశాక ఒక పిల్లాడు ఇంటి నుంచి ముడుచుకుపోయిన మిరపాకు, పువ్వు తెచ్చాడు. వాటిని గాజుపలక మీద పెట్టి చూపించాను. నల్ల తామరపురుగు. ఊరి చేలన్నిటినీ పీల్చి పిప్పి చేసిన పురుగు, కాళ్ళు, రెక్కలతో సహా కనపడింది. ఇదాండీ మా నాన్న పొద్దస్తమానం తిట్టేది, అన్నాడు వాడు. నలుసంత ఉంటుందని విన్నారే గానీ, దానికీ రెక్కలుంటాయని ఎవరూ అనుకోలేదు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ ఇంటికి పోలేదు. ఆ పిల్లల మొహాల్లో ఉన్న ఆశ్చర్యం ఎవరూ ఫోటో తియ్యలేదు. నాకు ఆ పూట ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న కౌలుకి మిరప వేస్తాడు. పెద్దగా మాట్లాడదు. మాట్లాడితే మాత్రం ఎందుకండీ అనే మాటతోనే మొదలుపెడుతుంది. పాలు పొంగుతాయి, నీళ్ళు పొంగవు, ఎందుకండీ. ఐసు నీళ్ళ మీద తేలుద్ది, ఎందుకండీ. తెలిసింది చెప్పేదాన్ని, తెలియంది రేపు చూద్దామనేదాన్ని. అలాంటి పిల్ల క్లాసుకొకతి ఉంటే టీచర్‌కి ముసలితనం రాదు.

మాఘమాసం ఎండలు మొదలయ్యాక ఉష్ణోగ్రత పాఠం వచ్చింది. మీ ఇంట్లో, మీ చేలో అన్నిటికంటే వేడిగా ఉండేదేదో కనిపెట్టుకు రండి అని పని ఇచ్చాను. ధర్మామీటర్లు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నాను. ఒకడు గేదె ఒళ్ళు కొలిచాడు. ఇంకొకడు వాళ్ళ నాన్న బండి సీటు కొలిచి, ఎండలో పెట్టిన సీటు మీద ఎందుకు ఎగిరి గంతేస్తామో లెక్కతో సహా చెప్పాడు. ఆ పిల్ల వంతు వచ్చినప్పుడు, నేను వేరే పిల్లలతో త్రాసు దగ్గరున్నాను. ధర్మామీటరు తీసుకోనా టీచర్ అంది. తీసుకోమన్నాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కోతల రోజుల్లో పిల్లలు మానడం మా ఊళ్ళో వింత కాదు. జనవరి దాటితే మా హాజరు సగానికి పడిపోతుంది. కానీ ఈ పిల్ల జ్వరంతో కూడా బడికొచ్చే రకం. పక్క సీటు పిల్లని అడిగితే, కల్లంలో కాపలా ఉంటందండీ, ఇంక బడికి రాదంటండీ అంది. నాకు మనసు కీడు శంకించింది. సాయంత్రం బడి వదలగానే స్కూటీ వేసుకుని వాళ్ళ కల్లానికి వెళ్ళాను.

మిరపకాయలు ఎండబోసిన కల్లాలు ఆ దారంతా ఎర్రగా ఉన్నాయి. గొంతులో మిరప కోర, ఒకటే దగ్గు. వాళ్ళ కల్లంలో నల్ల పట్టలు పరిచి, వాటి మీద కాయలు ఆరబోశారు. మధ్యాహ్నం పూట ఆ పట్ట మీద కాలు పెట్టలేం. ఒక మూల నాలుగు రాళ్ళు గుండ్రంగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన తల మీద తువ్వాలు కప్పుకుని ఆ పిల్ల కూర్చుని ఉంది. కూలీలు ఆ మూలకి రావడం లేదు. అక్కడ పాము కనపడిందని పిల్ల చెప్పిందట. వాళ్ళ నాన్న కర్ర పెట్టి వెతికినా దొరకలేదట. పిల్ల మాత్రం అక్కడి నుంచి కదలడం లేదని, దెయ్యం పట్టిందేమోనని ఒక ముసలమ్మ నాతో చెప్పింది.

నన్ను చూడగానే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, పాము లేదు టీచర్ అంది. ధర్మామీటరు కాయల్లో పెట్టి పైన పట్ట కప్పిందట, లోపలెంత వేడిగా ఉంటుందో చూద్దామని. కాసేపాగి తీస్తే కొన పగిలి, పాదరసం కాయల మీద పూసల్లా జారిపోయిందట. పాదరసం విషమని పుస్తకంలో ఉంది. తమ్ముడు అక్కడ ఆడుకుంటాడు. కూలీలు అక్కడే కూర్చుని అన్నం తింటారు. అందుకని పాము కథ అల్లి, రాళ్ళు పెట్టి, బడి మానేసి కాపలా కూర్చుంది. మర్నాడు పొద్దున కాయలు టిక్కీ బస్తాలకెత్తి మిర్చి యార్డుకి పంపుతున్నారు. బస్తాల్లో ఎత్తితే ఆ పాదరసం ఎవరింటికి పోతుందో. చెప్తే నాన్న చంపేస్తాడు. ఆ బెంగలో పిల్ల సరిగ్గా తిండి కూడా తిన్నట్టు లేదు.

పగిలిన గాజు నాకు చూపించింది. పొట్టిది. జ్వరం చూసేది. మనిషి ఒంటి వేడి బాగా దాటితే పగిలిపోయే ధర్మామీటరు. వేడి నీళ్ళకీ ఎండకీ తట్టుకునే పొడుగు ధర్మామీటరు, బీరువాలో దీని పక్క అరలోనే ఉంది.

మీ నాన్నకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా అని అడిగాను. కాసేపు గాజు వైపు చూసి, నేనే చెప్తా టీచర్ అంది. చెప్పింది కూడా. వాళ్ళ నాన్న చెయ్యెత్తాడు. నేను మధ్యలో నిలబడ్డాను. ఆ చెయ్యి దించి, చిన్న గాజుపుల్లకి ఇంత రాద్ధాంతమేంది టీచరమ్మా, పక్కకి ఊడ్చేసి మిగతావి ఎత్తేద్దాం అన్నాడు. పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది. వద్దు నాన్నా, ఎవరో ఒకళ్ళు తింటారు, అని ఒకటే మాట. ఆయన దాని మొహంలోకి చూసి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి కింద కూర్చున్నాడు.

దాచిపెట్టడం నాకు చేతకాదు. అక్కడి నుంచే హెడ్‌మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన మోపెడ్ మీద వచ్చారు. వస్తూనే పిల్లని దగ్గరికి పిలిచి, మెల్లగానే అడిగారు.

"జ్వరం చూసే ధర్మామీటరు ఎలా వాడాలమ్మా?"

పిల్ల చేతులు కట్టుకుని, దాన్ని వేడి నీళ్ళలో గానీ ఎండలో గానీ మంట దగ్గర గానీ పెట్టరాదని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఏడో తరగతిలో ఆయన చెప్పి రాయించిన జవాబే అది. పరీక్షలో దానికి నిండు మార్కులు వేసింది కూడా ఆయనే.

"మరి తెలిసి తెలిసి ఎందుకు పెట్టావు?"

"తెలుసండి. కానీ రెంట్లో ఏది ఏదో ఎప్పుడూ చూళ్ళేదండి."

హెడ్‌మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. నాకు మాత్రం ఆ క్షణం ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. నిండు మార్కులు వేసినవాళ్ళం మేము, వేయించుకున్నది అది, పగిలింది మాత్రం దాని చేతిలో.

ఎండ చల్లబడ్డాక అందరినీ గాలికి ఎగువన నిలబెట్టి, చేతులకి కవర్లు కట్టుకుని పాదరసం పూసల్ని అట్టముక్కతో దగ్గరికి తోసి, పెన్నులో ఇంకు పోసే ఫిల్లరుతో పీల్చి, నీళ్ళున్న సీసాలో పోసి మూత బిగించాను. ఆ చుట్టుపక్కల కాయలన్నీ వేరే సంచిలోకెత్తాం. కింద ఉన్న పట్టముక్కని వాళ్ళ నాన్నే కొడవలితో కోసి ఇచ్చాడు. నష్టం నేను భరిస్తానంటే నా వైపు చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు బడికి వెళ్ళేసరికి బీరువాకి కొత్త తాళం వేసి ఉంది. నా దగ్గరున్న చెవి దానికి పట్టదు. నేను హెడ్‌మాస్టారి గదిలోకి వెళితే ఆయన నా మొహం చూడకుండానే, నేను రిటైరయ్యాక మీ ఇష్టం అమ్మా, అప్పటిదాకా వద్దు అన్నారు. నేను అరిచాను. వరండా చివర దాకా వినపడి ఉంటుంది. ఆయన అరవలేదు. తాళం తియ్యనూ లేదు.

పిల్లని తీసుకురావడానికి మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. ధర్మామీటరు సంగతి అయిపోయిందిగా, ఇంక పంపించండి అన్నాను. వాళ్ళ నాన్నకి అప్పటికే తాళం కబురు అందింది. మా ఊళ్ళో కబురుకి కాళ్ళు కాదు, రెక్కలుంటాయి.

"ఊళ్ళో ఏమంటారో తెలుసా టీచరమ్మా? ఫలానా వాళ్ళ పిల్ల పగలగొట్టబట్టే అందరి పిల్లలకీ బీరువా మూతపడిందంటారు. ఆ మాట నెత్తినేసుకుని అది బడికి ఎట్టా వచ్చిద్ది? నేను పంపను. పేటలో దాని పిన్ని ఉంది, ఏదో ఒక పన్లో పెట్టుద్ది."

పిల్ల తలుపు పక్కన నిలబడి వింటోంది. అడ్డం చెప్పలేదు. ఎందుకండీ అని కూడా అడగలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన చెప్పింది ఎంత నిజమో ఆ ఊళ్ళో ఉన్న నాకు తెలుసు. పిల్లలు మంచివాళ్ళే గానీ, నీ వల్లే, అనే మాట పిల్లల నోట్లోంచే ముందు వస్తుంది. బీరువా తెరిచి ఉంటే పంపుతారా అని అడిగాను. తెరిచుంటే ఎవడేమంటాడు, అన్నాడాయన. శనివారం పిన్ని వచ్చి తీసుకెళ్తుందని కూడా చెప్పాడు.

తాళం పగలగొడితే అది నేరం. సస్పెండ్ చేస్తారు. ఆ సంగతి ఆలోచిస్తూ శుక్రవారం చివరి పీరియడ్లో పదో తరగతి పిల్లలతో ప్రయోగశాల గదిలో కూర్చున్నాను. బీరువా వైపు చూస్తుంటే నాకప్పుడు కనపడింది. ఆ పాతకాలపు బీరువా తలుపుల మడతబందులు బయటి వైపే ఉన్నాయి. స్క్రూలు తలలెత్తుకుని నన్నే చూస్తున్నాయి.

పిల్లల్ని వెనక్కి జరగమన్నాను. ఇది నేను చేస్తున్నాను, మీరు చెయ్యట్లేదు, ఎవరడిగినా అదే చెప్పండి అన్నాను. కరెంటు సామాను డబ్బాలో స్క్రూడ్రైవరు ఉంది. తుప్పు పట్టిన స్క్రూలకి కిరసనాయిలు పోసి, పిడి లావుగా ఉన్న స్క్రూడ్రైవరు ఎందుకు తేలిగ్గా తిరుగుతుందో చెబుతూనే తిప్పాను. పాఠం పాఠమే గదా. చివర్లో బరువు నా ఒక్కదాని వల్ల కాకపోతే, నేను చెప్పకుండానే నలుగురొచ్చి పట్టుకున్నారు. తాళం వేసి ఉంది కాబట్టి తలుపులు రెండూ కలిసే ఊడాయి. గోడకి ఆనించాం. తాళం చెక్కుచెదరలేదు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి, బీరువా తెరిచే ఉంది, రేపు పంపండి అని ఒక్క మాట చెప్పి వచ్చేశాను. భయం లేదని అనను. ఉద్యోగం పోతే ఏమవుతుందో రాత్రంతా లెక్కలు వేసుకున్నాను. అయినా పొద్దున లేచాక ఆ తలుపులు మళ్ళీ బిగించాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

శనివారం ప్రార్థన ముందే హెడ్‌మాస్టారు ప్రయోగశాల గదిలో నిలబడి ఉన్నారు. గోడకి ఆనించిన తలుపుల్నీ, వాటి మధ్య వేలాడుతున్న తాళాన్నీ, తెరుచుకుని ఉన్న అరల్నీ మార్చి మార్చి చూస్తున్నారు. ఎవరు చేశారని అడిగారు. నేనే అన్నాను. పైకి రాస్తానన్నారు. రాయండన్నాను. మధ్యాహ్నం వడ్రంగి వస్తాడు, మళ్ళీ బిగిస్తాడు అన్నారు.

"బిగించండి మేస్టారూ. సోమవారం మళ్ళీ ఊడదీస్తాను. మీరు రిటైరయ్యేదాకా ఇదే పని."

ఆయన ఏదో అనబోతుంటే బడి గేటు ముందు ట్రాక్టరు ఆగింది. వెనక ఖాళీ ట్రక్కులో ఆ పిల్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న దాన్ని దింపి, తనూ లోపలికి వచ్చాడు. బీరువా వైపు చూశాడు. తలుపుల వైపు చూశాడు. వడ్రంగి సంగతి అప్పటికే వరండాలో పిల్లలు ఆయన చెవిన వేశారు.

"ఇయ్యి ఇక్కడుంటే మీరు మళ్ళీ బిగిస్తారు సార్. నేను పట్టుకుపోతా. కల్లంలో పట్టల మీద బరువుకి పెట్టుకుంటా" అన్నాడు.

ప్రభుత్వ సొమ్ము పట్టుకుపోతానని హెడ్‌మాస్టారి ముఖాన చెప్పిన మనిషిని నేను అదే చూడటం. ఇంక పోలీసు దాకా పోతుందనుకున్నాను. హెడ్‌మాస్టారి చూపు ఆ పిల్ల మీద ఉంది. అది గుమ్మం దగ్గరే ఆగిపోయి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడి ఉంది. కల్లంలో చేతులు కట్టుకుని జవాబు అప్పజెప్పినప్పుడు ఎలా నిలబడిందో అలాగే ఉంది.

"స్టాకు రిజిస్టర్లో బీరువా ఒకటి అని రాసుంది" అన్నారాయన నెమ్మదిగా. "తలుపుల సంగతి ఎక్కడా లేదు. పట్టుకుపో."

నేను ఆయన వైపు తెల్లమొహం వేసుకుని చూశాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. బనీను జేబులోంచి చెవి తీసి, గోడకానించిన తలుపుల దగ్గరికి వెళ్ళి తాళం తీశారు. తాళం మాత్రం రాసుందయ్యా, అని దాన్ని జేబులో వేసుకున్నారు. పెన్షన్ భయం ఆయనకి ఆ క్షణం కూడా పోలేదని నాకు తెలుసు. పోకుండానే తీశారు.

వాళ్ళ నాన్న ఒక్కొక్క తలుపూ భుజానికెత్తుకుని ట్రాక్టరు దగ్గరికి మోసుకెళ్ళాడు. పిల్ల మా ఇద్దర్నీ దాటుకుని లోపలికి వచ్చింది. పక్క అరలోంచి పొడుగు ధర్మామీటరు తీసి, ఎవర్నీ అడక్కుండా కిటికీ దగ్గరికి వెళ్ళి ఎండలోకి పట్టుకుంది.